నిండుకున్న మాట

పుట 112. జ్యేష్ఠం, మొదటి వారం

ఇది కాగితపు పుస్తకం. దేనికీ చెల్లదు. సంతకాలూ వేలిముద్రలూ ముఖాలూ అన్నీ యంత్రాలే పుట్టించడం మొదలుపెట్టాక, కాగితం ముఖం మీదే కోర్టు తలుపు మూసేశారు. ఇప్పుడు మనిషి బతికుండి, తన గొంతుతో, గోడ మీది చెవికి చెప్పిన మాటే పత్రం. చెల్లని చోట రాసుకోవడంలో ఒక సుఖం ఉంది. నిజం రాసుకోవచ్చు.

పొద్దున్నే మంచినీళ్ళ వంతు పట్టుకుని, కిటికీ రెక్కల మీద పేరుకున్న ఉప్పు తుడిచి, లేసుపేట పడవ ఎక్కాను. గట్టుకి అవతల సముద్రం, ఇవతల మేం. లేసుపేటలో పద్నాలుగో నంబరు ఇల్లు మాణిక్యం గారిది. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. తుంటి విరిగి రెండేళ్ళయింది. ఊపిరి సగమే ఆడుతుంది. వంటింట్లోంచి వాకిట్లోకి రావాలంటే పీట మీద కూర్చుని, పీటతో సహా నేల మీద జరుగుతూ రావాలి. శుశ్రూషాలయంలో ఒక మంచం ఇప్పించమని అడిగింది. చెవి కాదంది. ఎందుకు కాదందో కనుక్కుని, ఈసారి ఔననేలా చెప్పించడం నా ఉద్యోగం. ముసలివాళ్ళకీ, ఒంట్లో సత్తువ లేనివాళ్ళకీ, చట్టం ముందు ఏ మాట ఎలా చెప్పాలో నేర్పుతాను. ఊళ్ళో నన్ను మాటసాయం సుభాషిణి అంటారు.

మాణిక్యం గారింట్లో చెవికి లేసు తొడుగు ఉంది. అరచేతిలో పట్టే ఇత్తడి బిళ్ళకి పువ్వులూ ఆకులూ అల్లిన తెల్లటి తొడుగు. మా అమ్మమ్మ కాలంలో టీవీలకి అలా తొడిగేవారట. అల్లింది మాణిక్యం గారి చెల్లెలు చిట్టెమ్మ. పుట్టు చెవుడు, మాట రాలేదు, ఇప్పుడు డెబ్భై ఒకటి. అక్కచెల్లెళ్ళిద్దరూ పసితనంలోనే కుదుర్చుకున్న చేతుల భాష ఒకటుంది. ఈ లోకంలో అది ఆ ఇద్దరికే తెలుసు.

పాత విచారణ వినిపించమని చెవిని అడిగాను. అది తన చదునైన గొంతుతో వినిపించింది.

"ప్రశ్న, ఎలా ఉన్నారు? జవాబు, ఏదో నడిచిపోతోందండి. నమోదు, నడక ఉంది. ప్రశ్న, మందులు ఉన్నాయా? జవాబు, నిండుకున్నాయండి. నమోదు, మందులు నిండుగా ఉన్నాయి."

మాణిక్యం గారు నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. చిట్టెమ్మ పరుగున వచ్చి వీపు రాసింది.

"ఈ ఇత్తడి బిళ్ళకి బుద్ధుందా అమ్మాయ్? నిండుకున్నాయంటే అయిపోయాయని దీనికి తెలీదా?"

తెలుసు. కానీ తెలిసినట్టు ఉండకూడదని మనమే శాసనం చేయించాం. అన్న మాట అన్నట్టే రాయాలి, అర్థం చెప్పడానికి యంత్రమెవరు అని గట్టు కట్టిన కొత్తలో ఊరేగింపులు చేశాం. అప్పుడే, ఇళ్ళల్లో కన్ను కూడా పెడతామన్నారు. 'కన్ను వద్దు, చెవి చాలు' అని ఆడవాళ్ళం గట్టు మీద పదకొండు రోజులు కూర్చున్నాం. నాకప్పుడు ఇరవై మూడు. ముందు వరుసలో కూర్చున్నాను. గెలిచాం కూడా.

వచ్చేటప్పుడు మాణిక్యం గారు నా చెయ్యి పట్టుకుంది.

"నాకు మంచం దొరికితే సరేనమ్మా. మరి ఇదెక్కడుంటది? ఈ ఇంట్లో గోడలు దీనికి తెలుసు, పక్కింటోళ్ళు తెలుసు. దిక్కులేనోళ్ళని ఉంచే ఆ మెట్ట సత్రానికి పంపేత్తే, అక్కడ దీంతో మాట్టాడేవోళ్ళెవరు?"

ఆవిడ భయమంతా అదే. ఈ పనిలో నేను చూసుకోవలసింది కూడా అదే.

"వెళ్ళొస్తాను పిన్నిగారూ," అన్నాను.

"మంచిది, వెళ్ళిరామ్మా," అంది.

పుట 115. జ్యేష్ఠం, రెండో వారం

పాఠాలు మొదలుపెట్టాం. ముందు వీలునామా పని ముగించాను, అది సులువు. ఇల్లు గట్టు మండలిది. ఇంటి మనిషి కాలం చేస్తే, ఎవరికి చెందాలని మాట చెప్పి ఉంటే వాళ్ళకి చెందుతుంది. కానీ బతికుండగా ఇల్లు వదిలేసి వెళ్ళిపోతే ఆ మాట చెల్లదు, ఇల్లు మండలి వెనక్కి తీసుకుంటుంది. శుశ్రూషాలయానికి వెళ్ళడం వదిలేయడం కిందకి రాదు, తిరిగొచ్చే ఉద్దేశం ఉన్నంతకాలం. ఆ ఉద్దేశం చెవి గుమ్మం దగ్గరే రాసుకుంటుంది. ఇరవై రెండేళ్ళలో దాని గురించి నేను పట్టించుకోవలసిన అవసరం ఒక్కసారీ రాలేదు.

మాణిక్యం గారు చెవి ముందు మూడుసార్లు చెప్పింది. "నా తరవాత ఈ ఇల్లు నా చెల్లెలు చిట్టెమ్మదే." నమోదైంది. చిట్టెమ్మ తరఫున సమ్మతి కూడా ఆవిడే చెప్పింది. నోరు లేనివాళ్ళకి తోడబుట్టినవాళ్ళే చట్టంలో నోరు. రక్తసంబంధం లేనివాళ్ళు ఆ పనికి పనికిరారు.

తర్వాత అసలు పాఠం.

"పిన్నిగారూ, మందులు ఏమయ్యాయి?"

"నిండుకున్నాయి."

"అలా కాదు. అయిపోయాయి అనండి."

"అయిపోయాయని ఎలాగంటానమ్మా? పచ్చగా ఉండాల్సిన కొంపలో లేవనీ అయిపోయాయనీ అంటారా ఎవరన్నా? పైన తథాస్తు దేవతలుంటారు."

"ఇప్పుడు పైన దేవతలు లేరండీ. గోడ మీద చెవి ఉంది. అదీ తథాస్తే అంటుంది."

ఆవిడ కాసేపు చెవి వంక చూసింది. లేసు తొడుగు చివర వేలాడుతున్న చిన్న పువ్వుని సర్దింది.

"నడవగలరా?"

"దేవుడి దయ వల్ల..."

"పిన్నిగారూ."

"నడవలేను," అంది, ఏదో తప్పు చేసినదానిలా నెమ్మదిగా.

"నాకు చేతకాదు అనండి."

"చేతకాదని అనను. ఇంట్లో ఆడపిల్లుంది."

ఆ ఆడపిల్లకి డెబ్భై ఒకటి అని గుర్తుచేశాను. అయినా అనడానికి మరో గంట పట్టింది. అన్నాక కొంగుతో మొహం కప్పుకుంది. నాకు కష్టంగానే ఉంది. కానీ ఇది నా వృత్తి. మన నోళ్ళు చెడుని చెడు అనలేవు. దీపం ఆరితే కొండెక్కిందంటాం, తాళి తెగితే పెరిగిందంటాం. ఈ మంచి మాటల వల్ల మంచాలు రాక, మందులు రాక పోయినవాళ్ళని ఎంతమందినో చూశాను. అందుకే అందరికీ నేర్పే సూత్రం ఒకటి పెట్టుకున్నాను. ఆవిడకీ అదే చెప్పాను.

"నోటికి అలవాటైన మాట వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగండి. ఆగి, నిజం ఏదో అది చెప్పండి."

"ప్రతి మాటకీనా?"

"ప్రతి మాటకీ."

పుట 118. జ్యేష్ఠం, నాలుగో వారం

ఈ రోజు మళ్ళీ విచారణ. నేను ఇంట్లో ఉండొచ్చు, పెదవి కదపకూడదు. చిట్టెమ్మ గుమ్మంలో కూర్చుని లేసు అల్లుతోంది.

మాణిక్యం గారు ప్రతి ప్రశ్నకీ ఆగింది. ఆగి చెప్పింది. నడవలేను. పీట మీద జరుగుతాను. మందులు లేవు. పడుకుంటే ఊపిరి అందదు. బట్టలు మా చెల్లెలు మారుత్తది. దానికీ ఓపిక లేదు. నాకు సిగ్గేత్తది.

చివరిది నేను నేర్పలేదు.

"మంచం మంజూరైంది," అంది చెవి.

నేను ఆవిడ చేతులు పట్టుకుని ఊపేశాను. ఆవిడ మొహంలో సంతోషం లేదు. ఇన్నాళ్ళూ లోపల దాచుకున్న గుడ్డలు ఎవరో నడివీధిలో ఆరేసినట్టు కూర్చుంది. చిట్టెమ్మ వచ్చి చేతులు ఆడించి ఏదో అడిగింది. అక్క నవ్వుతూ చేతులతోనే జవాబిచ్చింది.

"ఏమంటోంది?"

"నేనేం చెప్పానని అడుగుతోంది. బాగానే ఉన్నానని చెప్పానన్నాను. దీనికి కూడా నిజం చెప్పాలా ఏంటి?"

చెప్పక్కర్లేదన్నాను.

పుట 121. ఆషాఢం, మొదటి వారం

మాణిక్యం గారిని పంపించాం. వర్జ్యం దాటేదాకా కదలనని పడవవాళ్ళని ముప్పావుగంట నిలబెట్టింది. చిట్టెమ్మ ఒక సంచీ సర్దింది. రెండు చీరలు, దుప్పటి, కొబ్బరినూనె సీసా, తను అల్లిన దిండు గలీబు. పక్కింటివాళ్ళు వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు.

ఇద్దరు మనుషులు ఆవిడని కుర్చీతో ఎత్తారు. గడప దగ్గర ఆగమంది. చెవి దీపం వెలిగింది, వింటోందన్నమాట. ఆవిడ నోరు తెరిచింది. ఏదో అనబోయింది. ఆగింది. నా వంక చూసింది, సరిగ్గా విచారణ రోజున చూసినట్టే. తర్వాత స్పష్టంగా, తొణక్కుండా అంది.

"వెళ్తున్నాను."

కుర్చీ గడప దాటుతుంటే చిట్టెమ్మ వైపు చెయ్యి చాపింది. అరచెయ్యి బయటికి తోసి, మళ్ళీ వెనక్కి తెచ్చి గుండెకి ఆనించుకుంది. చిట్టెమ్మ కూడా అలాగే చేసింది. జాగ్రత్తనో, దిగులు పడకనో అయివుంటుందనుకున్నాను.

పడవ కనుమరుగయ్యేదాకా గట్టు మీద నిలబడ్డాం. ఇన్నేళ్ళలో ఇంత త్వరగా నేర్చుకున్నవాళ్ళని చూడలేదు. ఏడుపు గొంతులో ఉండగా కూడా ఆగి, ఆలోచించి మాట్లాడింది. మంచి శిష్యురాలు.

పుట 122. మర్నాడు

నిన్నటి పుట చివరి మాట కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. నన్ను నేను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

పొద్దున్న కాఫీ పెట్టుకుంటుంటే నా ఇంటి చెవి మాట్లాడింది. నా దగ్గరున్న కేసులకి సంబంధించిన ఉత్తర్వులు నాకూ వినిపిస్తారు.

"లేసుపేట, పద్నాలుగో నంబరు. ఇంటి మనిషి వెళ్ళారు. తిరిగొచ్చే ఉద్దేశం చెప్పలేదు. ఇల్లు వదిలినట్టు నమోదు. వీలునామా మాట వర్తించదు. నోరు లేని నివాసిని ఇరవై ఒక్క రోజుల్లో మెట్ట సత్రానికి తరలించాలి."

కాఫీ పొంగి పొయ్యి మీద పడింది. తుడవలేదు.

వెళ్ళొస్తాను. ఆవిడ అనబోయి ఆపేసిన మాట అది. పక్కవీధికి వెళ్ళినా, పరలోకానికి వెళ్ళినా మనం అనే మాట. వెళ్తున్నానని ఎవరూ అనరు, అంటే పెద్దవాళ్ళు కసురుతారు. చెవి ఉద్దేశమని రాసుకునేది ఈ మాటనే. అందరూ అంటారు కాబట్టి ఏ ఇల్లూ పోలేదు. అందుకే నేనెప్పుడూ పట్టించుకోలేదు. నిండుకున్నాయి, కొండెక్కింది అంటూ వరసపెట్టి మాన్పించాను గానీ, వెళ్ళొస్తాననేది కూడా ఆ జాబితాలోదేనని నాకే తట్టలేదు. తట్టింది ఆవిడకి. తిరిగి రానని ఆవిడకి తెలుసు. ప్రతి మాటకీనా అని అడిగింది కదా, ప్రతి మాటకీ అన్నాను.

చేజేతులా చేశాను. ఇంకొకరి మీదకి తోసేయడానికి ఎవరూ లేరు.

పుట 125. ఆషాఢం, రెండో వారం

పునర్విచారణ అధికారి త్రినాథరావు గారు. ఈయన మనిషే. అరవై దాటాయి, చెవుల మీద తెల్ల వెంట్రుకలు, మాటకి ముందు గొంతు సవరించుకునే అలవాటు. అర్థం చూసే అధికారం మనిషికుంది కాబట్టి నాకు ఆశ ఉంది.

రాత్రంతా వాదన తయారుచేసుకున్నాను. గట్టు కట్టాక శుశ్రూషాలయాలకి వెళ్ళినవాళ్ళు పదకొండు వేల నాలుగొందల మంది. గుమ్మంలో వాళ్ళన్న మాటలన్నీ తెప్పించమని అడిగాను. కొన్ని వినిపించారు. ముసలి గొంతులు, ఒకదాని తర్వాత ఒకటి. వెళ్ళొస్తాను. వెళ్ళొత్తానర్రా. ఎల్లొస్తా బుజ్జీ. మరి నే వెళ్ళొస్తా. వింటూ ఉంటే ఆ గదిలో ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"వీళ్ళల్లో తిరిగొచ్చినవాళ్ళు మూడొందలు కూడా లేరండీ," అన్నాను. "మిగతావాళ్ళందరికీ తిరిగొచ్చే ఉద్దేశం ఉందా? రాలేమని చాలామందికి తెలుసు. అయినా అన్నారు. అది ఉద్దేశం కాదండీ, మర్యాద, అలవాటు. అలవాటు మాట ఒకటి నోట్లోంచి రానంతమాత్రాన ఇల్లు తీసేసుకుంటారా?"

చాలా బాగా చెప్పాననుకున్నాను. త్రినాథరావు గారు గొంతు సవరించుకున్నారు.

"మీరు చెప్పింది నిజమేనమ్మా. పదకొండు వేల నాలుగొందల మందీ అన్నారు. ఆలోచించకుండా అన్నారు. అంత సహజంగా వచ్చే మాట ఆవిడ అనలేదు. నోరు తెరిచి, ఆగి, మార్చి చెప్పింది. నేను విన్నాను, మధ్యలో మూడు సెకన్ల నిశ్శబ్దం ఉంది. అలవాటుగా అనేదాన్ని పట్టించుకోకపోవచ్చు. కావాలని అననిదాన్ని ఎలా పట్టించుకోకుండా ఉండను?"

నా కర్రతో నన్నే కొట్టారు.

ఆ మూడు సెకన్లు నావి అని చెప్పాను. నేనే నేర్పానని చెప్పాను. ఆయన తల వంచుకుని విన్నారు.

"మా నాన్నగారు కూడా అన్నారండీ, వెళ్ళొస్తానని," అన్నారు. "ఒక పని చెయ్యండి. అక్కడ మంచం పక్కన కూడా చెవి ఉంది. తిరిగొస్తానని ఆవిడ చేత ఒక్క మాట అనిపించండి. ఒక్కటే మాట. ఈ ఉత్తర్వు నేను కొట్టేస్తాను."

పరుగెత్తుకుంటూ రేవుకి వెళ్ళాను. పోటు ఎక్కువగా ఉంది, రెండు రోజులు పడవలు తీయరట.

పుట 127. ఆషాఢం, మూడో వారం

మూడో రోజు మొదటి పడవలో చిట్టెమ్మని తీసుకుని వెళ్ళాను. దారంతా ఆమె ఒళ్ళో పళ్ళెంలో ఏవో మూటలు. అక్కకి ఇష్టమని కొబ్బరి లౌజు చేసింది.

వార్డు గుమ్మంలో నర్సు ఆపింది.

"నిన్న మధ్యాహ్నం ఊపిరి అందలేదండి. గొంతులో గొట్టం పెట్టాం. మాట్లాడలేరు."

"ఎన్నాళ్ళు?"

ఆ అమ్మాయి తలుపు తీసి పట్టుకుంది. నేను నేర్పినవాళ్ళల్లో ఒకరైతే బాగుండేది, ఉన్నదున్నట్టు చెప్పేది.

మాణిక్యం గారు మంచం మీద ఆనుకుని ఉంది. చెల్లెల్ని చూడగానే మొహం విప్పారింది. చేతులు లేచాయి. చిట్టెమ్మ చేతులూ లేచాయి. తర్వాత గంటన్నర సేపు వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న తీరు నేనెప్పుడూ చూడలేదు. చేతులు ఒకదానికొకటి అడ్డం వచ్చేవి. చిట్టెమ్మ ఒకసారి నవ్వి అక్క చెయ్యి మీద కొట్టింది. పక్కింటివాళ్ళ గురించి ఏదో చెప్పుకున్నారు, ఎవరో లావుపాటి మనిషి నడిచే తీరు చిట్టెమ్మ చేసి చూపించింది. లౌజు తినలేదు గానీ అక్క దాన్ని వాసన చూసింది. డెబ్భై ఏళ్ళు చెల్లెలికి నోరుగా ఉన్న మనిషి, ఇప్పుడు తన నోరు లేకపోయినా ఏ లోటూ లేనట్టు కబుర్లు చెప్పింది.

నేను దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఇల్లు సంగతి చెప్పాను. తప్పు నాదని చెప్పాను.

"పిన్నిగారూ, తిరిగొస్తానని ఒక్క మాట. గొంతు రాకపోయినా, ఏదైనా శబ్దం."

ఆవిడ ప్రయత్నించింది. గొట్టంలో గాలి కదిలింది, అంతే. మెడ నరాలు ఉబ్బాయి. నేనే వద్దని ఆపాను. అప్పుడు ఆవిడ చెయ్యి పైకెత్తి, అరచెయ్యి బయటికి తోసి, మళ్ళీ వెనక్కి తెచ్చి గుండెకి ఆనించుకుంది. ఆ రోజు గడప దగ్గర చేసిందే. నాకు అర్థం కాలేదని చూసి, ఈసారి చేస్తూ పెదవులు కదిపింది. శబ్దం లేకుండా, విడివిడిగా. వెళ్ళొత్తాను.

ఆ రోజు అంది. అనాల్సిన మనిషితో, అనాల్సిన పద్ధతిలో అంది. గోడతో నిజం చెప్పి, చెల్లెలితో మర్యాద మాట అంది.

నేను చెవి వైపు తిరిగి అరిచాను. "తిరిగొస్తానంటోంది! ఇప్పుడే అంది! నేను చూశాను!"

"ఆ గొంతు నమోదు కాలేదు," అంది చెవి. "ఈ మంచం మనిషి నుంచి గంటన్నరగా నిశ్శబ్దం."

కన్ను వద్దు, చెవి చాలు. ముందు వరుసలో కూర్చున్నాను.

మాణిక్యం గారు నా తల మీద చెయ్యి వేసి నిమిరింది. ఆవిడకి కోపం లేదు. ఉంటే బాగుండేది.

పుట 129. ఆషాఢం, నాలుగో వారం

త్రినాథరావు గారికి చూసిందంతా చెప్పాను. చెయ్యి ఎలా కదిలిందో చేసి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నమ్ముతున్నానమ్మా అన్నారు. కానీ చూసిన మాటని నమోదు చేసే చోటు చట్టంలో లేదన్నారు.

బయటికి వస్తుంటే శుశ్రూషాలయం నుంచి కబురు వచ్చింది.

చనిపోయారు అని రాయాలి. ఇరవై రెండేళ్ళుగా ఊరందరికీ నేర్పింది అదే. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చెయ్యి రాలేదు.

మాణిక్యం గారి దీపం కొండెక్కింది.

చిట్టెమ్మకి చెప్పడానికి వెళ్ళాను. ఎలా చెప్పాలో నాకు ఆ భాష రాదు. గుమ్మంలో నిలబడ్డాను, అంతే. ఆమె నా మొహం చూసి చేతిలో లేసు కింద పెట్టింది. లోపలికి వెళ్ళి అక్క పీటని గోడకి నిలబెట్టి వచ్చింది. తర్వాత నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. ఆ ఏడుపుకి శబ్దం ఉంది. చెవి దీపం వెలిగింది. నమోదు చేసుకోదగ్గ మాటేమీ లేక ఆరిపోయింది.

పుట 131. శ్రావణం, మొదటి వారం

గడువు ఈ రోజుతో సరి. అన్ని దారులూ తట్టాను. నేనే చిట్టెమ్మకి నోరుగా ఉంటానన్నాను, రక్తసంబంధం లేదన్నారు. నా ఇంటికి తీసుకెళ్తానన్నాను. నోరు లేని మనిషి సమ్మతి ఎవరు చెప్తారన్నారు. సమ్మతి చెప్పగలిగిన మనిషి వారం కిందటే వెళ్ళిపోయింది.

మండలి నుంచి ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడే, చెప్పులు బయట విడిచి వచ్చాడు. చిట్టెమ్మ ఇల్లంతా ఊడ్చింది, తడిగుడ్డ పెట్టింది. పొయ్యి కడిగి ముగ్గు వేసింది. రెండు సంచులు కట్టుకుంది. అక్క పీట కూడా సంచీలో పట్టేలా సర్దుకుంది.

ఖాళీ చేసేముందు చెవి అడుగుతుంది, మూడుసార్లు అడగాలని రూలు.

"ఈ ఇంట్లో ఉన్నవారు ఎవరైనా ఉంటే మాట చెప్పండి."

చిట్టెమ్మకి వినిపించదు. ఆమె దాని ముందే నిలబడి లేసు తొడుగు తీసి, దులిపి, ముడతలు సరిచేసి మళ్ళీ తొడుగుతోంది.

"ఈ ఇంట్లో ఉన్నవారు ఎవరైనా ఉంటే మాట చెప్పండి."

దాని చివర పువ్వుని వేలితో తట్టింది.

"ఈ ఇంట్లో ఉన్నవారు ఎవరైనా ఉంటే మాట చెప్పండి."

"ఉంది!" అన్నాను. "మీ ముందే ఉంది."

"చెప్పినవారు ఈ ఇంటివారు కారు," అంది చెవి.

మండలి ఆయన నేల చూపులు చూశాడు. చిట్టెమ్మ సంచులు తీసుకుని గడప దాటింది. దాటి, వెనక్కి తిరిగింది. ఊడ్చిన గదినీ, కడిగిన పొయ్యినీ, గోడ మీది తొడుగునీ ఒకసారి చూసింది. అరచెయ్యి ముందుకి తోసి, వెనక్కి తెచ్చి గుండెకి ఆనించుకుంది.

వెళ్ళొస్తానంది.

"ఇల్లు ఖాళీ," అంది చెవి. "ఏ మాటా లేదు."

పుట 132. అదే రోజు

మెట్ట సత్రం శుభ్రంగానే ఉంది. అన్నం వేళకి పెడతారు. గదికి నలుగురు. చిట్టెమ్మ మంచం కిటికీ పక్కన వచ్చేలా అడిగి వేయించాను. పీటని మంచం కిందకి తోశాను. చుట్టుపక్కల ముసలమ్మలు చేరి ఊరేదని, పేరేదని అడిగారు. ఆమె వాళ్ళ నోళ్ళ వంక మార్చి మార్చి చూసింది. చేతులు ఒళ్ళోంచి లేవలేదు. ఇక్కడ వాటితో మాట్లాడేవాళ్ళు లేరని అప్పుడే తెలుసుకున్నట్టుంది. మాణిక్యం గారు భయపడింది దీనికే.

నీరెండ పడే వేళకి పడవ ఉంది. నేను లేచాను. గేటు దాకా చిట్టెమ్మ కూడా వచ్చింది. గేటు స్తంభానికి ఒక చెవి ఉంది, తొడుగూ అదీ లేకుండా.

వెళ్ళొస్తాను అనాలి. ఏ ఇంట్లోంచి బయటికి వచ్చినా అంటూనే ఉన్నాను ఇన్నేళ్ళూ, ఒక్కసారి కూడా ఆలోచించకుండా. ఈ రోజు నోరు తెరిస్తే రాలేదు. నాలోని మాట నిండుకుంది. చిట్టెమ్మ నా పెదవుల వంక చూస్తూ నిలబడింది.

చెయ్యి ఎత్తాను. అరచెయ్యి ముందుకి తోసి, వెనక్కి తీసుకున్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. తప్పు చేశానట. నా చెయ్యి పట్టుకుంది. అది గుండె దాకా రాకుండా గాల్లో ఆగిపోయింది, అలా ఆగకూడదు. నెమ్మదిగా నా చేతిని నా వైపే తీసుకొచ్చి, గుండె మీద ఆనించి, పైన తన చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. ఇంకోసారి చెయ్యమన్నట్టు వదిలింది. చేశాను. మళ్ళీ సరిదిద్దింది. మూడోసారికి ఒప్పుకుంది. తను కూడా ఒక సంజ్ఞ చేసింది, నేను ఇంతకుముందు చూడనిది. రెండు అరచేతులూ పైకి, దగ్గరికి. వెళ్ళిరా అని అయివుండాలి.

పడవలో ఈ రెండూ మర్చిపోకుండా చేసుకుంటూ వచ్చాను. ఎదురుగా కూర్చున్నావిడ నన్ను వింతగా చూసింది.

ఆదివారం మొదటి పడవకి వెళ్ళాలి. వస్తానని మాటిచ్చాను.